మందు మాన్పించే మందు తిండిలో కలపొచ్చా? అన్నయ్య విషయంలో సలహా కావాలి

గోరువంక | సోమవారం, రాత్రి 11.42

అందరికీ నమస్కారం. చాలా నెలలుగా ఇక్కడ చదువుతున్నాను కానీ ఎప్పుడూ రాయలేదు. ఇవాళ రాయక తప్పట్లేదు.

మా అన్నయ్యకి 38 ఏళ్లు. పదేళ్ల నుంచి తాగుతున్నాడు. మొదట శని ఆదివారాలు, తర్వాత రోజూ రాత్రిపూట, ఈ ఏడాది నుంచి నిద్ర లేవగానే. పొద్దున్నే చేతులు వణుకుతాయి, రెండు గుక్కలు పడితే గానీ గడ్డం గీసుకోలేడు. మొన్న బీరువా సర్దుతుంటే బట్టల కింద నిద్రమాత్రల ఖాళీ అట్టలు వదినకి దొరికాయి. ఒకటీ రెండూ కాదు.

అమ్మకి ఎవరో ఒక పొడి గురించి చెప్పారు. రంగూ రుచీ ఉండదట, తిండిలో కలిపితే నెల తిరిగేసరికి తాగుడంటేనే అసహ్యం పుడుతుందట. ఆన్‌లైన్‌లో తెప్పించింది, రేపటి నుంచి మొదలుపెడతానంటోంది. నాన్నేమో గదిలో పెట్టి తాళం వేస్తే వారంలో దారికొస్తాడంటున్నారు. వదిన రెండూ వద్దని ఏడుస్తోంది. డాక్టర్ దగ్గరికి రమ్మంటే "నాకేం రోగం" అంటాడు వాడు.

పొడి నిజంగా పనిచేస్తుందా? ఎవరైనా వాడారా?

ముక్కుసూటి | సోమవారం, రాత్రి 11.58

పొడి సంగతి నాకు తెలీదు కానీ మీ నాన్నగారు చెప్పిందే కరెక్ట్. మా బాబాయిని అలాగే మాన్పించాం. నాలుగు రోజులు అరిచాడు, ఐదో రోజుకి మామూలయ్యాడు. మెత్తగా ఉంటే నెత్తికెక్కుతారు.

రాత్రి డ్యూటీ | మంగళవారం, ఉదయం 5.20

ముక్కుసూటి గారూ, మీ బాబాయి అదృష్టవంతుడు. అందరికీ ఆ అదృష్టం ఉండదు. నేను క్యాజువాలిటీలో నర్సుని, ఇంట్లో తాళం వేస్తే ఏమవుతుందో మా దగ్గరికి వచ్చాక చూస్తాం.

గోరువంకా, లేవగానే తాగితే తప్ప వణుకు ఆగట్లేదంటే మీ అన్నయ్య ఒళ్లు మద్యానికి అలవాటు పడిపోయిందని అర్థం. అలాంటి మనిషికి ఒక్కసారిగా ఆపేస్తే ఏడెనిమిది గంటల్లో వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. అది దాటినా రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల మతి తప్పడం, లేని మనుషులూ పురుగులూ కనిపించడం, ఒళ్లు కాలిపోయే జ్వరం, గుండె దడ. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది. మీ నాన్నగారికి "దారికి రావడం"లా కనిపించేది ఇదే కావచ్చు.

పైగా నిద్రమాత్రలు. వాటిని హఠాత్తుగా ఆపినా ఫిట్స్ వస్తాయి, ఇంకొన్ని రోజులు ఆలస్యంగా కూడా రావచ్చు. ఆపకుండా మద్యంతో కలిపి వేసుకుంటే నిద్రలోనే ఊపిరి మందగిస్తుంది. ఆ ఖాళీ అట్టలు పారేయకండి. డాక్టర్‌కి చూపించాలి, ఎన్ని మిల్లీగ్రాములో దాని మీదే ఉంటుంది.

డ్యూటీ దిగి రాస్తున్నా, తప్పులుంటే క్షమించండి.

తెల్లకోటు | మంగళవారం, ఉదయం 8.15

సైకియాట్రీలో పీజీ చేస్తున్నాను. పొడి గురించి నేను చెప్తాను.

ఇలా అమ్మే పొడుల్లో ఏముందో డబ్బా మీద సరిగ్గా రాయరు. ఏమీ లేకపోతే డబ్బులు పోతాయి, అంతే. అందులో డైసల్ఫిరామ్ లాంటిది ఉంటేనే భయం. ఇది అసలైన మందే. 1940ల చివర్లో కోపెన్‌హేగెన్‌లో యెన్స్ హాల్డ్, ఎరిక్ యాకబ్సెన్ అనే ఇద్దరు దీన్ని తాగుడు వైద్యంలోకి తెచ్చారు. మద్యం లివర్‌లో మొదట ఎసిటాల్డిహైడ్ అనే విషంగా మారుతుంది, ఆ తర్వాత అది కూడా విరిగిపోతుంది. డైసల్ఫిరామ్ ఆ రెండో పనికి అడ్డుపడుతుంది. విషం పేరుకుని ముఖం ఎర్రబడుతుంది, వాంతులు, దడ, బీపీ పడిపోవడం. ఎక్కువ తాగితే గుండె ఆగే ప్రమాదం కూడా ఉంది.

అది వేసుకుంటున్నానని తెలిసినవాడు తాగడు. మందు పనిచేసేది ఆ భయం వల్లే. తెలియనివాడు రోజూలాగే తాగుతాడు! అందుకే రోగికి పూర్తిగా తెలియకుండా గానీ, తాగిన స్థితిలో ఉండగా గానీ ఇవ్వకూడదని ఆ మందు హెచ్చరికలోనే ఉంటుంది. చివరిసారి తాగి కనీసం 12 గంటలు గడవాలి. ఆపేశాక కూడా రెండు వారాల దాకా దాని ప్రభావం ఉండొచ్చు.

అమ్మగారికి దయచేసి ఈ ముక్క చదివి వినిపించండి.

గోరువంక | మంగళవారం, మధ్యాహ్నం 1.05

వినిపించాను. "డాక్టర్ ఇస్తే మందు, తల్లి ఇస్తే విషమా" అంది. కానీ డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇవాళ్టికి గండం గడిచినట్టే.

ఇంకో సంగతి. డాక్టర్ల దగ్గర ఉన్న మందు ఇదొక్కటేనా? వాడు ఒప్పుకుని వచ్చినా ఇలాంటి భయపెట్టే మందు అంటే మళ్లీ పారిపోతాడు.

తెల్లకోటు | మంగళవారం, మధ్యాహ్నం 2.30

ఒక్కటే కాదు. నాల్ట్రెక్సోన్ అని ఉంది, తాగితే వచ్చే ఆ "కిక్కు"ని తగ్గిస్తుంది. మద్యం అలవాటుకి దీన్ని అమెరికాలో 1994లోనే అనుమతించారు. లివర్ పరీక్ష చూసి ఇస్తారు. మనిషి ఓపియాయిడ్ (నల్లమందు జాతి) నొప్పి మాత్రలు వాడుతుంటే మాత్రం ఇది పడదు, ఆ సంగతి దాచకూడదు. అకాంప్రోసేట్ అనేది మానేసినవాళ్లకి ఆ మానిన స్థితి నిలబడడానికి. కిడ్నీలు బాగుండాలి. ఏది ఎవరికన్నది డాక్టర్ చూసి చెప్పాల్సిందే, ఇక్కడ చదివి కొనుక్కునేది కాదు.

ఏ మందైనా కౌన్సెలింగ్‌తో కలిపితేనే. ఒట్టి మాత్రలు రాసిచ్చి పంపేస్తే మూడో నెలకి మాత్రలు అల్మారాలో, మనిషి బార్లో.

తలుపుచాటు | మంగళవారం, రాత్రి 9.48

గోరువంక చెల్లెమ్మా, నేను మీ వదిన స్థానంలో పన్నెండేళ్లు ఉన్నాను. కాస్త పొడుగ్గా రాస్తా, ఓపిగ్గా చదువు.

మా ఆయన తాగి పడుకుంటే పొద్దున ఆఫీసుకి ఫోన్ చేసి "జ్వరం అండీ" అని చెప్పింది నేనే. వాంతి తుడిచింది నేను, అప్పు తీర్చింది నేను, పిల్లలతో "నాన్నకి ఒంట్లో బాలేదు" అన్నదీ నేనే. ఆయన తాగుడుకి ఏ ఖర్చూ ఆయన మీద పడకుండా ఇంటిల్లిపాదీ మోశాం. ప్రేమే అనుకున్నాను. కౌన్సెలర్ ఒకావిడ అడిగారు: "మీరు ఇన్ని చేస్తుంటే ఆయన మానాల్సిన అవసరం ఆయనకి ఎక్కడొస్తుందమ్మా?" ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆవిడ నేర్పింది క్రాఫ్ట్ అనే పద్ధతి. రాబర్ట్ మేయర్స్ అనే ఆయన రూపొందించారు. తాగే మనిషి రాకపోయినా ఇంట్లోవాళ్లతోనే మొదలుపెడతారు. తిట్టడం, బతిమాలడం, బెదిరించడం మూడూ బంద్. తాగని రోజు, తాగని గంట ఉంటే అప్పుడు దగ్గర కూర్చోవడం, కబుర్లు చెప్పడం. తాగిన రోజు మాట్లాడకుండా పక్క గదిలోకి వెళ్లిపోవడం. ఆయన చేసిన గందరగోళం ఆయనకే వదిలేయడం (ప్రాణం మీదకి రానంతవరకు). చికిత్స మాట ఎత్తాల్సింది గొడవలో కాదు, తనే సిగ్గుపడుతున్న పొద్దున పూట. అదీ రెండే వాక్యాల్లో. ఆ క్షణంలో ఒప్పుకుంటే అదే రోజు తీసుకెళ్లడానికి డాక్టర్ అపాయింట్‌మెంట్ సంగతి ముందే కనుక్కుని ఉంచుకోవాలి. "వచ్చే వారం వెళ్దాం" అంటే వచ్చే వారానికి మనిషి మారిపోతాడు.

1999లో వచ్చిన ఒక అధ్యయనం సంగతి ఆవిడ చెప్పారు. 130 మంది కుటుంబసభ్యుల్ని మూడు రకాలుగా నడిపించారట. ఈ పద్ధతి నేర్చుకున్నవాళ్లలో 64 శాతం మంది తమ మనిషిని చికిత్సదాకా తేగలిగారు. అందరూ చుట్టూ కూర్చుని ఒకేసారి నిలదీసే పద్ధతిలో 30 శాతం. కాబట్టి బంధువులందర్నీ పిలిచి పంచాయితీ పెట్టకండి.

కొట్టే మనిషైతే మాత్రం ఇవేవీ కాదు. ముందు వదినా పిల్లలూ భద్రమైన చోటికి వెళ్లాలి, మిగతావి తర్వాత.

ముక్కుసూటి | మంగళవారం, రాత్రి 10.10

వదిలేస్తే ఉద్యోగం పోతుంది కదండీ. అప్పుడు ఇల్లెలా గడుస్తుంది? చెప్పడం తేలిక.

తలుపుచాటు | మంగళవారం, రాత్రి 10.26

తేలిక అని నేను అనలేదు తమ్ముడూ. మా ఆయన ఉద్యోగం పోయింది. ఆ తర్వాతే హాస్పిటల్‌కి వచ్చాడు.

నిర్వాహకులు | బుధవారం, ఉదయం 9.00

"గ్యారంటీగా ఏడు రోజుల్లో" అంటూ ఫోన్ నంబర్‌తో వచ్చిన రెండు పోస్టులు తీసేశాం. ప్రకటనలు వద్దు.

గోరువంక | బుధవారం, సాయంత్రం 6.33

ఎవరైనా ఉన్నారా? నిన్న రాత్రి నాన్నకీ అన్నయ్యకీ మాటా మాటా పెరిగింది. "ఇక చుక్క ముట్టను, చూడండి" అని తనే సీసా పగలగొట్టాడు. అప్పటి నుంచి తాగలేదు. ఇప్పటికి ఇరవై గంటలు. ఒళ్లంతా వణుకు, పరుపు తడిసిపోయేంత చెమట, నీళ్లు తాగినా కక్కేస్తున్నాడు. నాన్న "మంచిదే, విషం దిగుతోంది" అంటున్నారు. నాకు భయంగా ఉంది.

రాత్రి డ్యూటీ | బుధవారం, సాయంత్రం 6.37

ఇప్పుడే హాస్పిటల్ ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. రేపు పొద్దున కాదు. అంబులెన్స్ దొరికితే అంబులెన్స్. కారులో అయితే పక్కన ఒకరు కూర్చోండి, ఒంటరిగా వెనక పడుకోబెట్టొద్దు. దారిలో ఫిట్స్ వస్తే పక్కకి తిప్పండి, నోట్లో ఏమీ పెట్టకండి.

అక్కడ పరువు చూసుకోకుండా అన్నీ చెప్పండి. రోజుకి ఎంత తాగేవాడు, ఆఖరిగా ఎన్నింటికి తాగాడు, నిద్రమాత్రలు ఏవి. అట్టలు పట్టుకెళ్లండి. "కడుపునొప్పి" అని చెప్పి చేర్పిస్తే మేం దానికే చూస్తాం, తెలుసుకునేలోపు టైమ్ అయిపోతుంది.

గోరువంక | గురువారం, ఉదయం 7.50

వెళ్లాం. స్ట్రెచర్ మీద పడుకోబెట్టి పేరు రాయిస్తుండగానే ఫిట్స్ వచ్చాయి. నాన్న చూశారు. గోడకి ఆనుకుని అలాగే కూర్చుండిపోయారు, రాత్రంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇంజక్షన్లు ఇచ్చారు, ఇప్పుడు నిద్రపోతున్నాడు. గ్లూకోజ్ కంటే ముందు ఏదో విటమిన్ ఇచ్చామని సిస్టర్ చెప్పింది. అదెందుకు?

రాత్రి డ్యూటీ గారూ, మీ పేరు కూడా నాకు తెలీదు. మీకు ఎలా చెప్పాలో తెలీట్లేదు.

రాత్రి డ్యూటీ | గురువారం, ఉదయం 8.40

హమ్మయ్య. అది థయమిన్, బి1 విటమిన్. ఏళ్ల తరబడి తాగేవాళ్లలో అది అడుగంటిపోతుంది. అది లేకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది, ఒక్కోసారి జ్ఞాపకశక్తి మళ్లీ రాదు. మీ సిస్టర్ పని తెలిసిన మనిషి.

నాన్నగారికి కాస్త మంచినీళ్లు ఇవ్వండి. ఆయన్ని ఇప్పుడు ఎవరూ ఏమీ అనకండి.

పదకొండో ఏడు | గురువారం, రాత్రి 10.15

అమ్మా గోరువంకా, నేను తాగుబోతుని. మానేసి పదకొండో ఏడు నడుస్తోంది. అయినా అలాగే చెప్పుకుంటాను, మా మీటింగుల్లో అలవాటు.

ఇప్పుడు మీవాళ్లు చేసే పొరపాటు చెప్తాను. పది రోజుల్లో మనిషి తేరుకుంటాడు, ముఖంలో కళ వస్తుంది, ఇక అయిపోయిందనుకుని ఇంటికి తెచ్చేస్తారు. అది డీటాక్స్ మాత్రమే. ఒంట్లోంచి మందు పోయింది, బుర్రలోంచి పోలేదు. నేను నాలుగుసార్లు డీటాక్స్ అయ్యాను. మూడుసార్లు బస్సు దిగి ఇంటికంటే ముందు ఎక్కడికి వెళ్లానో నేను చెప్పక్కర్లేదు.

నాలుగోసారి రెండు మార్చాను. సైకియాట్రిస్ట్ దగ్గరికి నెలనెలా వెళ్లడం మానలేదు. రోజూ ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగ్‌కి వెళ్లాను. బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ అని ఇద్దరు తాగుబోతులు 1935లో మొదలుపెట్టారు దాన్ని. ఫీజు లేదు, పేరు అడగరు. దేవుడి మాట వినిపిస్తుందని కొందరికి నచ్చదు. నాకూ నచ్చలేదు. కానీ అక్కడ నేను చెప్పిన అబద్ధాలన్నీ ముందే చెప్పేసినవాళ్లు కూర్చుని ఉన్నారు, కొత్తవి దొరకలేదు నాకు.

అందరికీ అదే దారి కాదు. కౌన్సెలింగ్‌తోనే నిలబడ్డవాళ్లనీ చూశాను.

సగం చందమామ | శుక్రవారం, మధ్యాహ్నం 12.20

నాది మందు కాదు, మాత్రలు. వెన్నునొప్పికి ఇచ్చిన ఓపియాయిడ్ మాత్రలతో మొదలైంది, చివరికి ఎక్కడికి పోయిందో రాయను. మా ఇంట్లోవాళ్లు ఒక "సెంటర్"లో పడేశారు. నెల రోజులు ఫోన్ లేదు, డాక్టర్ని ఒక్కసారే చూశాను, ఎదురు మాట్లాడితే కర్ర. శుభ్రంగా బయటికొచ్చాను, "మారిపోయాడు" అని మురిసిపోయారు. నాలుగో రోజు పాత లెక్కలోనే వేసుకున్నాను. అక్క చూడకపోతే ఈ పోస్ట్ రాసేవాణ్ని కాదు.

నెల ఖాళీగా ఉంటే ఒంటి తట్టుకునే శక్తి పడిపోతుంది. నిన్నటిదాకా సరిపోయిన మోతాదే చంపేస్తుంది. సెంటర్లో ఎవరూ ఈ మాట చెప్పలేదు. ఓపియాయిడ్ వాడే మనిషి ఇంట్లో ఉంటే నలోక్సోన్ గురించి డాక్టర్ని అడగండి, ఆగిపోతున్న ఊపిరిని వెనక్కి తెచ్చే మందు. దాంతో లేచి కూర్చున్నా హాస్పిటల్‌కి వెళ్లాల్సిందే, దాని పనితనం త్వరగా అయిపోతుంది.

ఇప్పుడు ఆ అలవాటుకి డాక్టర్ ఇచ్చే బ్యూప్రెనార్ఫిన్ అనే మందు మీద మూడేళ్లుగా ఉన్నాను. ఉద్యోగం చేస్తున్నాను.

ముక్కుసూటి | శుక్రవారం, మధ్యాహ్నం 12.41

ఏమనుకోకండి, అదీ మత్తే కదా? ఒక మత్తు మాని ఇంకో మత్తు.

సగం చందమామ | శుక్రవారం, మధ్యాహ్నం 1.02

అందరూ అనేదే, అలవాటైపోయింది. పొద్దున ఒక మాత్ర నాలుక కింద పెట్టుకుంటాను, నాకు మత్తు ఎక్కదు, రోజంతా వెతుకులాట ఉండదు. షుగర్ ఉన్నవాడిని ఇన్సులిన్‌కి బానిస అంటారా?

తెల్లకోటు | శుక్రవారం, మధ్యాహ్నం 3.15

సగం చందమామ గారి మాటకి చిన్న చేర్పు. ఇది కొత్త ఆలోచన కూడా కాదు. మెథడోన్ అనే ఇలాంటి మందుతోనే విన్సెంట్ డోల్, మేరీ నిస్వాండర్ అనే డాక్టర్లు చేసిన పని 1965లోనే అచ్చయింది. ఈ మందుల మీద ఉన్నన్నాళ్లూ మరణాలు బాగా తగ్గుతాయని ఆ తర్వాత ఎన్నో అధ్యయనాల్లో తేలింది. ఎప్పుడు ఆపాలన్నది డాక్టర్‌తో మాట్లాడి నిదానంగా తేల్చుకోవాలి, బంధువుల మాటల మీద కాదు.

గోరువంక గారూ, సెంటర్ కోసం వెతుకుతుంటే డాక్టర్ రోజూ వస్తారా, ఇంట్లోవాళ్లు చూడడానికి ఒప్పుకుంటారా, డిశ్చార్జ్ అయ్యాక ఏం చేస్తారు, ఈ మూడూ అడగండి. మూడోదానికి నీళ్లు నమిలితే వేరే చోటు చూసుకోండి.

గోరువంక | నాలుగు వారాల తర్వాత

ఇంటికొచ్చాడు. నాల్ట్రెక్సోన్ వేసుకుంటున్నాడు, వారానికోసారి కౌన్సెలింగ్. నిద్రమాత్రలు కొద్దికొద్దిగా తగ్గిస్తున్నారు, ఒకేసారి ఆపలేదు.

కానీ ఇంట్లో మాకే ఎలా ఉండాలో తెలీట్లేదు. అమ్మ పక్కనుంచి వెళ్తూ వాసన చూస్తుంది. బాత్రూమ్‌లో ఐదు నిమిషాలు ఎక్కువైతే నాన్న తలుపు కొడతారు. అన్నిటికంటే వింత, వదిన. వాడు తాగేటప్పుడు అంత ఓర్చుకున్న మనిషి ఇప్పుడు చిన్నదానికీ మండిపడుతోంది. నిన్న "నీ మీటింగులూ నువ్వూ" అని అరిచింది.

తలుపుచాటు | అదే రోజు, రాత్రి

వింతేం లేదు చెల్లెమ్మా. బిల్ విల్సన్ భార్య లోయిస్ గురించి పదకొండో ఏడు అన్నయ్య చెప్పలేదు. ఆయన తాగినన్నాళ్లూ భరించింది. మానేశాక ఒకరోజు మీటింగ్‌కి వెళ్దాం త్వరగా రమ్మంటే ఆయన మీదకి చెప్పు విసిరింది! తాగుడు మాన్పించలేకపోయింది తను, ఎవరో కొత్తవాళ్లు మాన్పించారు. ఆ కోపం ఎక్కడికి పోతుంది? తర్వాత 1951లో ఇంకొకావిడతో కలిసి కుటుంబాల కోసం అల్-అనాన్ పెట్టింది. తాగేవాడిని ఎలా మాన్పించాలో అక్కడ నేర్పరు. మనం ఎలా బతకాలో మాట్లాడుకుంటాం.

వదినని ఒక్కసారి తీసుకెళ్లు. మాట్లాడకపోయినా ఫర్వాలేదు. నేను మొదటి మూడుసార్లు ఊరికే ఏడ్చి వచ్చాను.

గోరువంక | పదో వారం

స్లిప్ అయ్యాడు. స్నేహితుడి ఇంట్లో ఫంక్షన్. అర్ధరాత్రి వచ్చి తనే చెప్పాడు. అమ్మ "అంతా బూడిదలో పోసిన పన్నీరు" అని తల బాదుకుంది.

పదకొండో ఏడు | పదో వారం, గంట తర్వాత

తనే చెప్పాడా? దాక్కోకుండా? అమ్మా, ముందు మీరు నిమ్మళించండి. మళ్లీ మళ్లీ రావడం ఈ జబ్బు లక్షణం, బీపీ మందు మానేస్తే బీపీ పెరిగినట్టు. రేపు పొద్దున కౌన్సెలర్‌కి ఫోన్ చేయమనండి, మీరు చేయకండి, వాడే చేయాలి. ఎక్కడ, ఎవరితో, ఎంతసేపటికి చేయి చాచాడో వాళ్లిద్దరూ కూర్చుని చూసుకుంటారు. నాకైతే జీతం రోజు, అందుకే మూడేళ్లు జీతం రోజు మా స్పాన్సర్ (మీటింగుల్లో నాకు తోడుగా నిలిచిన పాత సభ్యుడు) ఇంట్లోనే పడుకున్నాను.

వరసగా కొన్నాళ్లు తాగితే మాత్రం మళ్లీ ఇంట్లో మాన్పించొద్దు. హాస్పిటల్‌లోనే.

ముక్కుసూటి | పదో వారం

ఒక మాట చెప్పాలి. మా బాబాయిని మాన్పించాం అన్నాను కదా. ఎనిమిది నెలలకి మళ్లీ మొదలుపెట్టాడు. అది రాయలేదు అప్పుడు. తెల్లకోటు గారూ, మీకు వీలైతే నాకు విడిగా మెసేజ్ పెట్టగలరా.

కిటికీ | పన్నెండో వారం

నేను గోరువంక వదినని. కొత్తగా ఐడీ తీసుకున్నాను. మావారు పద్నాలుగు రోజులుగా తాగలేదు, లెక్కపెట్టడం మానేయమన్నారు కానీ నావల్ల కావట్లేదు.

నా ప్రశ్న మా పాప గురించి. తొమ్మిదేళ్లు. ఆ రోజు అంబులెన్స్ రావడం చూసింది. "నేను అల్లరి చేసినందుకేనా నాన్నకి అలా అయింది" అని నిన్న అడిగింది. ఏం చెప్పాలో తెలియక పడుకోమన్నాను.

మేడమీద గది | పన్నెండో వారం

నేను అలాంటి ఇంట్లో పెరిగాను, ఇప్పుడు నాకు 34. మా ఇంట్లో ఎవరూ ఏమీ చెప్పలేదు కాబట్టి అన్నీ నేనే ఊహించుకున్నాను. నా ఊహలో తప్పు ఎప్పుడూ నాదే.

పడుకునే ముందు కాదు, పగలు చెప్పండి. నాన్నకి ఒక జబ్బు ఉంది, దాని పేరు ఇది, నీ వల్ల రాలేదు, నువ్వు మంచిగా ఉంటే పోయేది కూడా కాదు, డాక్టర్లు చూస్తున్నారు. ఇంట్లో చూసింది బయట చెప్పకు అని మాత్రం అనొద్దు. టీచర్‌తోనో అత్తతోనో చెప్పుకోవచ్చని చెప్పండి. పదమూడు దాటిన పిల్లలకైతే అలాటీన్ అని విడిగా గ్రూపులున్నాయి, మీ పాపకి ఇంకా టైముంది.

ఇంకొకటి. రాత్రిపూట భయమేస్తే ఎవరికి ఫోన్ చేయాలో ఒక నంబర్ నేర్పించండి. నాకు అది లేదు. మేడ మీద గదిలో గొళ్లెం పెట్టుకుని కూర్చునేదాన్ని.

కిటికీ | పన్నెండో వారం, మర్నాడు

చెప్పాను. మొత్తం విని "సరే, మరి నాన్న ఆదివారం నాతో సైకిల్ తొక్కుతాడా" అంది. ఆదివారం సంగతి నాన్ననే అడగమన్నాను.

నంబర్ రాసి పెన్సిల్ డబ్బా మూత లోపల అంటించుకుంది. వాళ్ల అత్తది. గోరువంకా, ఇకనుంచి రాత్రిపూట ఫోన్ సైలెంట్‌లో పెట్టకు.